గొంతక్క ఏడుపు

గొంతక్కని చూసినవాళ్లు తక్కువ, ఆవిడ మాట విననివాళ్లు లేరు. తెర మీద అందమైన అమ్మాయి పెదాలు కదిపితే, వాటి వెనకున్న మాట ఈవిడది. వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేసేది. "నీ మొహం సినిమాకి పనికిరాదు, కావాలంటే గొంతు పంపించు" అని ఓ పెద్దమనిషి వెటకారం చేస్తే, నిజంగానే గొంతు పంపించింది. అప్పట్నుంచీ డబ్బింగే బతుకుతెరువు.

ఏడుపుకి ఆవిడ పెట్టింది పేరు. "ఏ ఏడుపు కావాలి సార్? ముక్కు చీదేదా, లోపలికి మింగేదా?" అని అడిగి మరీ ఏడ్చేది. ఏడ్చాక గుక్కెడు మంచినీళ్లు తాగి, అద్దం అవతలున్న ఇంజనీరుతో పరాచికాలాడేది. పని పనే, గుండె గుండే. ఆ రెంటికీ మధ్య గోడ కట్టుకుంది కాబట్టే ఇన్నేళ్లు నెగ్గుకొచ్చింది.

ఆ గోడని ఒకడు కూల్చాడు.

ఆ రోజు డబ్బింగ్ గదిలో ఏదో చిల్లర సీను నడుస్తోంది. హీరోయిన్ మొగుడి మీద చిరాకు పడాలి, అంతే. గొంతక్క వాళ్లమ్మ అప్పటికే ఆసుపత్రిలో ఉంది. "సాయంత్రం వస్తానే" అని పొద్దున చెప్పి వచ్చింది. లోపల ఫోన్లు ఆపేస్తారు కాబట్టి తమ్ముడు స్టూడియోకే ఫోన్ చేశాడు. ఇంజనీరు రిసీవరు చేత్తో పట్టుకునే, లోపలి స్పీకర్లో చెప్పాడు.

"అక్కా... మీ తమ్ముడు లైన్లో ఉన్నాడు. అమ్మగారు పోయారట."

ఆవిడ నిలబడ్డచోటే కూలబడింది. "అమ్మా" అని ఒక్క అరుపు. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి పేరు లేదు, అలాంటిది ఏ హీరోయిన్‌కీ ఇచ్చి ఎరగదు. అవతల ఫోన్లో తమ్ముడు అదంతా విన్నాడు. ఎదురుగా మైకూ విన్నది. దాన్ని ఎవరూ ఆపలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక మళ్లీ పనిలోకి వచ్చింది. అదే సినిమాలో హీరోయిన్ భర్త శవం మీద పడి ఏడ్చే సీను అప్పుడే చెప్పింది. లోపలికి మింగే ఏడుపు. దర్శకుడు "అద్భుతం!" అన్నాడు.

సినిమా విడుదలయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ హాలుకెళ్లారు. ఆ సీను వచ్చింది. తెర మీద హీరోయిన్ మొగుడి శవం మీద పడింది. "అమ్మా" అంది. తమ్ముడు చప్పున అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఇది... ఆ రోజుది."

చుట్టూ జనం కళ్లు తుడుచుకుంటున్నారు. వెనక సీట్లో ఎవరో "ఏం చేసిందిరా ఈ పిల్ల!" అన్నారు. గొంతక్క లేచి, అందరి కాళ్లూ తొక్కుకుంటూ బయటికి నడిచింది. వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

మర్నాడు దర్శకుడి ఆఫీసుకెళ్లింది. ఆయన ఎదురొచ్చి మరీ కుర్చీ వేయించాడు.

"చూశారా అమ్మా! జనం ఆ ఏడుపు గురించే మాట్లాడుకుంటున్నారు."

"అది నా ఏడుపు కాదు సార్. మా అమ్మ చావు."

ఆయన గొంతు తగ్గించి, "ఎవరికి తెలుస్తుంది చెప్పండి? ఏ దెబ్బ తగిలినా మనవాళ్లు అమ్మా అనేగా అంటారు! అంత గొప్ప బాధ గాలికి పోకుండా, పది కాలాలు నిలిచేలా చేశాను" అన్నాడు.

"మీ ఇంట్లో ఎవరైనా పోతే అక్కడా మైకు పెడతారా?"

"మాటలు తూలకండి."

"నేను మాటే తూలాను. మీరు మనిషిని తూచి అమ్ముకున్నారు. ఏడుపు కావాలంటే నన్ను అడగాలి, ఇచ్చాను కూడా! అది చెత్తబుట్టలో పారేసి, దొంగిలించింది పెట్టుకున్నారు. తీసెయ్యండి."

ఆయన తీయనన్నాడు. ఆర్టిస్టుల సంఘం కార్యదర్శి దగ్గరికెళితే, "పెద్దవాళ్లతో పెట్టుకుంటే నోటి దగ్గర కూడు పోతుంది, చూసుకో" అని హితబోధ చేశాడు. ఈలోగా హీరోయిన్ టీవీలో కూర్చుని, జీవితంలో పడ్డ కష్టాలన్నీ తలచుకుని ఆ సీన్లో ఏడ్చానని చెప్పింది. పాపం, ఆ అమ్మాయికి సంగతి తెలీదేమో. తెలిసినా చెప్పేదా అన్నది వేరే మాట.

గొంతక్కకి ఒక్కటే దారి దొరికింది. అదే దర్శకుడి తర్వాతి సినిమా, అదే హీరోయిన్, మాటలు సగం చెప్పి ఉంది. మిగతా సగం చెప్పనని భీష్మించుకుంది. ఆయన ఇంకో ఇద్దరి గొంతులు ప్రయత్నించాడు. ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ వేరే మనిషిలా వినిపించింది. చివరికి ఇంజనీరే రాయబారం మోసుకొచ్చాడు. "అక్కా, హాళ్లలోంచి తీయడం కుదరదట. టీవీకి, ఫోన్లలోకి వెళ్లే కాపీలో మారుస్తానన్నారు."

"నువ్వెందుకు ఆపలేదురా ఆ రోజు?"

"చేతులాడలేదక్కా."

"ఆ రోజు సరే. తర్వాత అది తీసి ఆయనకిచ్చినప్పుడు?"

వాడు స్టూడియోకి దారి తీశాడు.

ఆవిడ వెళ్లి, మైకు ముందు నిలబడి, ఒకే టేకులో ఆ సీను ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, అసలు రికార్డింగు తన ఎదుటే చెరిపించింది. ఇంకెక్కడా లేదని వాడు ఒట్టేశాడు. ఆవిడ నమ్మలేదు; అయినా ఆగిపోయిన సినిమాకి మిగతా సగం మాటలూ చెప్పింది.

ఆవిడ అనుమానమే నిజమైంది. అవార్డుల సభలో ఉత్తమ నటిగా ఆ హీరోయిన్ పేరు చదివి, వెనక పెద్ద తెర మీద ఆ సీను వేశారు. పాత ఏడుపుతోనే వేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దర్శకుడూ కొట్టాడు. ఇంట్లో టీవీ ముందు తమ్ముడు రిమోట్ కోసం వెతుక్కుంటుంటే, "ఉండనీరా" అంది గొంతక్క. "ఎవరెవరు కొడుతున్నారో చూడనీ."

పొద్దున్నే ఆవిడ వకీలు ఇంటి తలుపు కొట్టింది. కేసు ఇప్పటికీ నడుస్తోంది. ఆ దర్శకుడి సినిమాలకి గొంతక్క మళ్లీ మాట చెప్పలేదు. మిగతావాళ్లు కూడా పిలవడం తగ్గించారు. సాయంత్రాలు నాటకాలు వేస్తోంది, తన మొహంతో.