అత్తగారి వంకర గొడుగు

అత్తగారికి కొత్త వస్తువు కంటబడితే తలనొప్పి, పాత వస్తువు కంటబడితే పండగ. ఏడాది చివరి సెలవులు దగ్గరపడితే చాలు, సంచీ పట్టుకుని పాతసామాన్ల సంతకి బయల్దేరేది. ఎవరో వదిలించుకున్న చెంచాలు, పేగులు బయటపెట్టిన క్యాసెట్లు, బట్ట చిరిగిన గొడుగులు మోసుకొచ్చి, గది నిండా తోరణాలు కట్టేది.

"ఇదేంటి అత్తయ్యా?" అన్నాడు కొత్తల్లుడు, గుమ్మంలో నెత్తికి తగిలినదాన్ని తడుముకుంటూ.

"నక్షత్రం బాబూ."

"టీ వడకట్టేదిలా ఉందే?"

"నిన్నటిదాకా అదే. పైకెక్కాక ఎవరైనా మారిపోరూ!"

అల్లుడు కరెంటు పనివాడు. గోడమీద తీగ వెంట్రుకవాసి పక్కకి జరిగినా అన్నం సయించని మనిషి. అలాంటివాడికి అత్తగారిల్లు నరకంలా కనిపించింది. ఒక్క తోరణమైనా తిన్నగా లేదు. అన్నిటికన్నా ఘోరం గది మధ్యలో గొడుగు. బట్ట పీకేసి, ఊచలకి చెంచాలు కట్టి, తలకిందులుగా కొక్కేనికి వేలాడదీసింది. అది ఒకపక్కకి ఒరిగి, తప్పతాగినవాడిలా ఊగుతోంది.

"కాస్త సరిచెయ్యనా అత్తయ్యా?"

"అమ్మో, ముట్టుకోకండి!"

"బతుకంతా బట్టలు కుట్టింది, ఒక్క కుట్టు వంకరపోలేదు. ఈ తోరణాల దగ్గరికొచ్చేసరికే ఏమవుతుందో మా అమ్మకి," అని భార్య నవ్వింది.

అత్తగారు కూరగాయలకి వెళ్ళగానే అల్లుడు స్టూలెక్కాడు. భార్య వద్దంటున్నా వినలేదు. తోరణాలన్నీ విప్పి, దారం పట్టి కొలిచి, మళ్ళీ కట్టాడు. గొడుగు దేవుడి గొడుగంత నిటారుగా నిలబడింది. ఇక మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ఎంత పని చేశారు బాబూ!" అంటూ అత్తగారు కూరల సంచీతోనే కుర్చీలో కూలబడింది.

అంతలో పైవాటా మేస్త్రిగారు రానే వచ్చారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, ఒంటిమనిషి, పౌరుషం ముక్కుమీదుంటుంది. ఏటా సరిగ్గా వంటవేళకి వచ్చి, "ఏం కట్టావమ్మా, అవి చేతులా కాళ్ళా?" అని తిడుతూ అన్నీ సరిచేసి వెళ్ళేవారు. ఈసారి గదంతా కలియజూశారు. గొడుగు చుట్టూ తిరిగారు. తప్పు దొరకలేదు.

"బాగుంది. ఇంక నాతో పనేముంది? వస్తానమ్మా," అన్నారు నీరసంగా.

"భోంచేసి వెళ్ళండి మేస్త్రిగారూ!"

"పని చెయ్యకుండా తింటే నాకు అరగదు," అని మెట్లవైపు నడిచారు.

అత్తగారు గొంతు తగ్గించింది. "సెలవులకి ఆయన తినే హోటలు మూసేస్తారు బాబూ. ఆయనకి పొయ్యి వెలిగించడమే రాదు. ఊరికే పిలిస్తే రారు. అందుకనే ఏటా ఇవన్నీ వంకరగా కట్టి చస్తాను!"

అల్లుడికి సిగ్గు ముంచుకొచ్చింది. మరుక్షణం స్టూలెక్కి, తను ముచ్చటపడి వేసిన ముడిని తనే పుటుక్కున కోసేశాడు. గొడుగూ చెంచాలూ కలిసి కింద పడ్డ మోతకి వీధిలో కుక్కలు మొరిగాయి.

మేస్త్రిగారు రెండేసి మెట్లు దిగుతూ పరుగున వచ్చారు. "ఎవరు కట్టారిది?"

"నేనేనండీ."

"ఎవరయ్యా నీకు ముడెయ్యడం నేర్పింది? నువ్వు చేసేదేమిటి?"

"కరెంటు పనండీ."

"దేవుడా! ఎంతమంది కొంపలు ముంచుతున్నావో!" ఆయన మొహం వెలిగిపోతోంది. జేబులోంచి పట్టకారు తీశారు. "స్టూలు గట్టిగా పట్టుకో. అదైనా వచ్చా?"

"ప్రయత్నిస్తానండీ," అన్నాడు అల్లుడు.

గొడుగు మళ్ళీ పైకెక్కింది. మేస్త్రిగారు చేతులు కడుక్కుని, పీట వాల్చుకుని, మారు వడ్డించుకుని హాయిగా తిన్నారు. అన్నం మధ్యలో తలెత్తి గోడలకేసి అనుమానంగా చూశారు.

"ఆ మిగతా తోరణాలు కూడా ఇతగాడే కట్టాడా?"

అత్తగారు అల్లుడివైపు చూసింది. జీవితంలో ఒక్క తీగ వంకరగా లాగి ఎరగనివాడు గర్వంగా ఛాతీ విరుచుకున్నాడు.

"అన్నీ నేనేనండీ. ఒక్కదానికీ భరోసా లేదు."

"చచ్చాం. అయితే సెలవులన్నీ నాకు ఇక్కడే పని," అని మేస్త్రిగారు కంచం ముందుకి జరిపారు. "ఇంకాస్త పప్పు వెయ్యమ్మా."