లాప్‌టాప్‌కి యంగోనా

ఈ రోజు వునిమోలి నుంచి చెరకు రైతు అప్పన్న, కూతురు శాలినిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. రిటైరైన మాస్టారిని కదా, ఆ పిల్ల కాలేజీ స్కాలర్‌షిప్ ఫారం నా లాప్‌టాప్‌లో నింపించాలట. చంకలో పేపర్లో చుట్టిన యంగోనా కట్ట, అంటే దంచి తాగితే మత్తెక్కించే వేర్ల కట్ట. మా ఫిజీలో ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు అది సమర్పించుకోవాలి మరి!

“మాస్టర్‌జీ, ఈ కట్ట ఏ సాబ్‌కి ఇచ్చేది?”

“సాబ్ ఎవరూ లేరు అప్పన్నా. అంతా ఆన్‌లైన్.”

కాసేపు ఆలోచించి, కట్టను లాప్‌టాప్ ముందు పెట్టి, ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టి దండం పెట్టాడు. శాలిని మొహం దాచుకుంది.

పెట్టిన యంగోనా వృథా చేయకూడదని దంచి, నీళ్లలో కలిపి, ఇద్దరం తాగుతూ పిల్ల ఏం చదవాలో వాదించుకున్నాం. ఆయన అకౌంటింగ్ అన్నాడు, నేను టీచింగ్ అన్నాను. నాలుగో కొబ్బరిచిప్పకి నర్సింగ్ దగ్గర రాజీపడ్డాం.

“నేను మెరైన్ ఇంజనీరింగ్ పెట్టి పంపించేసినాను నాన్నా,” అంది శాలిని, లాప్‌టాప్ మీంచి తలెత్తి.

అప్పన్న నోరు తెరిచేలోపే లాప్‌టాప్ టింగుమంది. దరఖాస్తు అందిందట. ఆయన మొహం వెలిగిపోయింది.

“దేఖో మాస్టర్‌జీ! కట్ట ముట్టింది!”

ఆ కట్ట మా ఇద్దరి కడుపుల్లో ఉందని చెబుదామంటే, యంగోనా దెబ్బకి నా నాలుక అప్పటికే మొద్దుబారిపోయింది. మీలో ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.