తీగ మీద వదిలేసిన గలీబు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ గాలత్తే. లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి, డాబా మీద ఆరేసి, మడతపెట్టి ఇవ్వడం ఆమె పని. కానీ ఆ పేరు ఉతుకుడు వల్ల రాలేదు, అరుపు వల్ల వచ్చింది.

ఇళ్ల వెనక బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ గొట్టం ఉండేది. పొగ నిటారుగా లేస్తే గొడవ లేదు. వీధి వైపు వాలిందంటే మాత్రం ఆరిన బట్టలన్నీ మళ్లీ నీళ్లలోకే. గాలత్త తడి చెయ్యి పైకెత్తి ఉంచేది. వేళ్ల మధ్య చల్లదనం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారగానే గొంతు చించుకునేది.

"గాలి తిరిగిందర్రోయ్!"

పాలు పొయ్యి మీదే వదిలేసి ఒకరు, సగం గీసిన గడ్డంతో ఇంకొకరు మెట్లెక్కి పరిగెత్తేవారు. క్లిప్పులు టపటపా రాలేవి. ఎవరి చొక్కా ఎవరి చేతికి వచ్చిందో తర్వాత తేల్చుకునేవారు.

అందరి బట్టలూ కాపాడే గాలత్త తన తీగ మీద ఒక్క గలీబును మాత్రం వదిలేసేది.

అది భర్త దిండుది. ఆయన అదే ఫ్యాక్టరీలో బాయిలరు కింద బూడిద లాగేవాడు. ఎంత రుద్దుకున్నా మెడ మడతల్లో మసి మిగిలేది. తెల్లారేసరికి గలీబు మీద ఆయన తల నల్లగా అచ్చు పడి ఉండేది. రోజూ తిట్టుకుంటూ ఉతికేది. తర్వాత ఆయన ఛాతీలో పిల్లికూతలు మొదలై, పని మానేశాడు. ఒక పొద్దున ఆ కూత ఆగిపోయింది. దిండు చూస్తే గలీబు తెల్లగా ఉంది. ఉతకడానికి ఆయన ఏమీ మిగల్చలేదు.

ఆ తర్వాతెప్పుడో తొందరలో ఆ గలీబును తీగ మీద మర్చిపోయింది. పొగ వచ్చి వెళ్లింది. తీయబోతే మధ్యలో గుండ్రంగా, సరిగ్గా తల పెట్టుకున్నంత మేర నల్లగా ఉంది.

"వచ్చావా?" అంది, ఎవరూ వినకుండా.

అప్పటినుంచీ అది మర్చిపోవడం కాదు.

కూతురు కనిపెట్టేసింది. "ఊరందరినీ లేపుతావు, నీ గలీబు మాత్రం మసికి వదిలేస్తావు. నీకేమైనా గాలి సోకిందా అమ్మా?"

"సోకనివాళ్లెవరే ఈ వీధిలో?"

కూతురు నవ్వలేదు. ఆమె ఒళ్లో చిన్నపిల్ల ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. దాని ఛాతీలోనూ అదే పిల్లికూత. మెట్ల మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకోకుండా ఆ పిల్ల ఎప్పుడూ డాబా ఎక్కలేదు.

అలాంటి రోజుల్లోనే కబురు వచ్చింది. ఖండంలోని దేశాలన్నీ ఒక మాట మీదికి వచ్చాయట. బొగ్గు గొట్టాలు ఒక్కొక్కటే ఆర్పేస్తారట. ఎదురు డాబా మీది టైలరు ఫోనులో చదివి వినిపించాడు.

"మన పొగ మన దగ్గరే ఉండట్లేదట వదినా. సరిహద్దులు దాటిపోయి, ఎక్కడో ఎవరో ఆవిడ ఆరేసుకున్న దుప్పట్ల మీద పడుతోందట."

"అయ్యో, ఎన్నాళ్లనుంచి తిట్టుకుంటోందో నన్ను!"

"నువ్వేం చేస్తావు? నీ కేక అంత దూరం వినపడదుగా."

"ఇంకాస్త గట్టిగా అరవాల్సిందయ్యా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆమె చేతిలో తడి దుప్పటి బరువెక్కింది. అయితే ఆయన అంత దూరం వెళ్తున్నాడా? ఎవరో పరాయివాళ్ల దిండు మీద తల వాలుస్తున్నాడా?

గొట్టం ఆరితే పిల్లకు ఊపిరాడుతుంది. గొట్టం ఆరితే ఆయన రాడు. ఆ రెండు మాటలనూ దుప్పటి కొసల్లా చెరో చేత్తో పట్టుకుని, ఎన్నాళ్లు మెలిపెట్టి పిండినా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం పొగ సన్నబడి, దారప్పోగంతై, తెగిపోయింది.

వీధిలో అంతా తెరిపిన పడ్డారు. గాలత్త మాత్రం ఆ గలీబును రోజూ ఆరేసేది, రోజూ తెల్లగానే తీసేది. ఆ తెలుపు ఆమెకు ఆయన పోయిన పొద్దుటి తెలుపులాగే ఉండేది.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం, బకెట్టు మీదికి వంగి ఉండగా వాసన వచ్చింది. కాలిన బొగ్గు, చెమట, మెడ మడత. సందేహం లేదు. తడి చెయ్యి దానంతటదే లేచింది. వేళ్ల మధ్య చల్లదనం ఇటు జారింది.

"గాలి తిరిగిందర్రోయ్!"

డాబాలన్నీ ఉలిక్కిపడ్డాయి. క్లిప్పులు రాలాయి. చేతుల నిండా బట్టలతో నిలబడ్డాక, ఒక్కొక్కరే తలెత్తి చూశారు. గొట్టం ఉంది. పొగ లేదు.

"ఏ గాలి వదినా?" అన్నాడు టైలరు, మెడలో టేపు, చంకలో దుప్పటితో.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్క డాబాకు అందకుండానే ఆగిపోయింది. అక్కడ ప్రతి ఇంట్లోనూ దగ్గి దగ్గి పోయినవాళ్లు ఒకరున్నారు. పక్కింటావిడ చేతిలో ఉన్న చొక్కాను మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు ఎవరూ బట్టలు తిరిగి ఆరేయలేదు.

గాలత్త తన తీగ వైపు చూసింది. గలీబు లేదు.

"నేను తీసేశా అమ్మమ్మా!" వెనక మనవరాలు, రెండు చేతులతో గలీబును గుండెకు అదుముకుని. "మసి పడకుండా!"

"వీధిలో కదే ఆడుకుంటున్నావు? మెట్ల మలుపు దగ్గర ఆగలేదా?"

"ఆగితే ఎలా? నువ్వు అరిచావుగా!"

గాలత్త కూలబడి, పిల్ల ఛాతీకి చెవి ఆనించింది. గుండె దడదడలాడుతోంది. ఆ దడ వెనక కూత కోసం వెతికింది. ఇన్నాళ్లూ గలీబు మీద చూసుకుంది కానీ, ఆయన ఉన్నది ఇక్కడ కదా! ఈ చిన్న ఎముకల గూట్లో, అదే కూతతో. ఇప్పుడు గూట్లో ఆ కూత లేదు.

"ఏం వినపడుతోంది అమ్మమ్మా?"

"ఏమీ లేదమ్మా."

"మరి ఏడుస్తున్నావేం?"

"చేతులు తడిగా ఉన్నాయి, మొహానికి తగిలాయి."

గలీబు అందుకుని గట్టిగా దులిపింది. ఏమీ రాలలేదు. మళ్లీ తీగ మీద వేసి క్లిప్పు పెట్టింది. గాలి అందులో దూరి, ఎవరో తల వాల్చినట్టు కాసేపు ఉబ్బించి, వదిలేసింది.