చెప్పులు విడిచే చోటు

మా మేనత్తది బందరులో వలందపాలెం. గుడివాడ నుంచి వెళ్ళినప్పుడల్లా నేను పాండురంగడి దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కేదాన్ని. ఆవిడకది చిన్నతనంగా ఉండేది.

"అందరూ గుడికే వస్తారు. మా పేట చూద్దామన్నవాళ్ళు ఒక్కరూ లేరే!" అని ఓసారి పట్టుబట్టి సందులన్నీ తిప్పింది. చివరికి డచ్చివాళ్ళ పాత సమాధుల ముందు చెప్పులు విడిచింది.

"వీళ్ళేమన్నా దేవుళ్ళా అత్తయ్యా?" అని నవ్వాను.

"కాదే, ఇంటికి వెళ్ళలేకపోయినవాళ్ళు. ఆ మాలలోవి రెండు పూలు పెట్టు."

"స్వామికని కట్టుకొచ్చానే!"

"ఆయనకు రోజూ పెట్టేవాళ్ళున్నార్లే."

జంకుతూనే పెట్టాను. ఆవిడ పుణ్యమా అని, ఆ రోజు దర్శనంలో నా మనసు నిండిపోయింది.

ఇప్పుడావిడ లేదు. మొన్న మా కోడలితో బందరులో దిగాను.

"గుడి ఇటు కదా అత్తయ్యా?"

"ముందు వలందపాలెం చూద్దాం రా. పూలు జాగ్రత్త," అన్నాను.