అద్దం దొర కళ్లు

ఫోను మోగితే వీరరాఘవయ్య ముందు కుడి బొటనవేలును లుంగీకి తుడుచుకుంటాడు. ఒకసారి తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ తుడుస్తాడు. తడి మట్టి అంటిన వేలిని ఫోను అద్దం ఒప్పుకోదు. ఈలోగా మోత ఆగిపోతుంది. తెనాలిలో ఆయనతో పని ఉన్నవాళ్లకు ఇది తెలుసు. విసుక్కోకుండా రెండోసారి చేస్తారు.

ఆ తుడవడం ఇప్పుడు ఒంటికి పట్టేసింది. టీ గ్లాసు అందుకునే ముందు తుడుచుకుంటాడు. ఎవరైనా నమస్కారం పెడితే తుడుచుకుని తిరిగి పెడతాడు.

ఆయన పని విగ్రహాలు చేయడం. ఫోటో తెస్తారు. ముక్కు ఎత్తు, గడ్డం వంపు, చెంపల కింద పల్లం చూసి మట్టిలో తీస్తాడు. ఆ మనిషి మంచివాడా, చెడ్డవాడా అన్నది చేయించేవాళ్లు చూసుకోవాలి. చేసిన పెద్దమనుషుల్లో సగం మంది ఎవరో ఆయనకు తెలియదు. కోపంతో ఎవరి మొహాన్నీ ముట్టుకోలేదు. అద్దం దొర వచ్చేదాకా.

బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు డిజైన్ చదువు కొత్తగా పెట్టారు. ఆ విభాగం గుమ్మంలో ఒక విదేశీయుడి బస్టు, అదే రొమ్ము దాకా ఉండే విగ్రహం, కావాలని వచ్చారు. ఏదో పెద్ద ఫోన్ల కంపెనీలో, తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, ఎలా కనబడాలో తేల్చిన మనిషట. ఆ వేసవిలో పోయాడు. పొడుగు ముక్కు, పలచని పెదవులు, లోపలికి పోయిన కళ్లు. పేరు నోరు తిరగక, బొమ్మలు చేసే షెడ్డులో అందరూ అద్దం దొర అన్నారు. మొహం అంతా వచ్చింది. కళ్లు ఒక్కటే మిగిలాయి. కంటిపాపలు తవ్వడం ఎప్పుడూ చివరి పని.

అప్పుడే ఇంట్లో ఆ సంగతి జరిగింది.

ఆయన భార్య మంగతాయారుకు చక్కెర జబ్బు. అది చూపు తినేసింది. వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. పాత మీటల ఫోను ఉన్నన్నాళ్లూ ఆమెకు ఎవరి సాయం అక్కర్లేదు. అయిదు అంకె మీద చిన్న పొక్కు ఉండేది. దాన్ని పట్టుకుని వేలు చుట్టూ నడిచేది. కానీ రేపల్లెలో ఉన్న ఆమె చెల్లెలు ఇందుమతి రోజూ తన గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పెక్కువైందనో, పక్కింటావిడతో మాటలు లేవనో. అవి పాత ఫోనులోకి రావు.

"ఊరందరికీ ఉన్నది నాకెందుకొద్దండీ? కళ్లే పోయాయి, చెవులు పోలేదుగా" అని మంగతాయారు కొత్త ఫోను కొనిపించుకుంది.

కొత్త ఫోను చేతికి నున్నటి పలక. ఎక్కడ నొక్కాలో వేలికి చెప్పదు. వీరరాఘవయ్య దాన్ని షెడ్డుకు తీసుకెళ్లాడు. పైపులు అతికించే లప్పం నువ్వుగింజంత తీసుకుని, తెర అడుగున, నొక్కితే తనకు ఫోను వెళ్లే తన బొమ్మ ఉన్నచోటి కింద ఒక పొక్కు పెట్టాడు. ఇందుమతి బొమ్మ కింద ఇంకోటి పెట్టాడు. పొక్కు తగిలితే, దాని పైన నొక్కడమే. మంగతాయారు వేలితో తడిమి, "బాగా కుదిరిందండీ" అంది. ఏ నాయకుడి విగ్రహం దగ్గరా ఆయన అంత పొంగిపోలేదు.

ఒక తెల్లవారుజామున ఫోను తనంతట తాను అప్‌డేట్ అయి కొత్త వేషం వేసుకుంది. బొమ్మలన్నీ గాజులా మారి చోట్లు మార్చుకున్నాయి. పొక్కులు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన షెడ్డులో ఉన్నాడు. మధ్యాహ్నం మంగతాయారుకు ఒంట్లో చక్కెర పడిపోయింది. చెమటలు పట్టాయి. కాళ్లు లేవలేదు. పొక్కును తడిమి, దాని పైన నొక్కింది. మళ్లీ నొక్కింది.

ఆయన ఫోను మోగలేదు.

పక్కింటి అన్నమ్మ, రిటైరైన టీచరమ్మ, గిన్నె తిరిగిద్దామని వచ్చి చూసింది. పంచదార నోట్లో పోసి ఆస్పత్రికి చేర్చింది. "ఇంకాస్త ఆలస్యమైతే నేను పలకరించేది గోడ మీద ఫోటోనే, అన్నయ్య గారూ" అంది తర్వాత.

మంగతాయారు తేరుకుని ఇంటికొచ్చింది. సాయంత్రం ఆయన ఆమె ఫోను తెరిచి చూశాడు. తన బొమ్మ ఉండాల్సిన చోట కెమెరా ఉంది. లోపల ఫోటోలున్నాయి. ఇంటి కప్పు. ఫ్యాను రెక్క. చీర కుచ్చిళ్లు. మసకగా ఆమె గడ్డం. మళ్లీ ఇంటి కప్పు. ఆమె తనను పిలిచిన పిలుపులు అవి.

మర్నాడు ఆయన అద్దం దొర మొహం మీద తడిగుడ్డ కప్పి, ఆ ఫోను జేబులో పెట్టుకుని, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే బస్సు ఎక్కాడు.

కాలేజీ కరస్పాండెంటు విజయసారథి గదిలో డిజైన్ పాఠాలు చెప్పే రాగసుధ కూడా ఉంది. బస్టు కావాలని పట్టుబట్టింది ఆమే.

"ఈ విగ్రహం నేను చేయనండి" అన్నాడు వీరరాఘవయ్య, కూర్చోకుండానే.

"ఏంటి రాఘవయ్య గారూ, ఆయన్ని చంపేసేలా వచ్చారు?" విజయసారథి నవ్వాడు. "పోయారండి ఆయన. ఆ పని మీకు మిగల్లేదు."

వీరరాఘవయ్య బొటనవేలు తుడుచుకుని, ఫోను తీసి రాగసుధ ముందు పెట్టాడు. ఫోటోలు ఒక్కొక్కటే జరిపాడు. పొక్కుల సంగతి, ఏ ఫోటో ఎందుకు పడిందో చెప్పాడు. విజయసారథి నవ్వు ఆగింది.

మంగతాయారు గడ్డం పడిన ఫోటో దగ్గర రాగసుధ ఆగిపోయింది. "ఇది తప్పే సార్" అంది. "ఈ గాజు బొమ్మలు ఆయన చివరి పని. బాలేదని మేమూ తిట్టుకున్నాం. కానీ ఆయన చేసింది ఇదొక్కటే కాదు. ఆయన రాకముందు తెర నిండా వేషాలే. తోలు లేకపోయినా తోలు కుట్లు, చెక్క లేకపోయినా చెక్క అరలు, లేని మీటకి నీడలు. నీడ మోసం అన్నారాయన. అద్దం అద్దంలాగే ఉండాలన్నారు. నేను ఈ చదువులోకి వచ్చింది ఆ ఒక్క మాటకే."

"నీడ మోసమా అమ్మా?"

"ఫోనులో మోసమే సార్."

"విగ్రహానికి కంటిపాప ఎలా వస్తుందో తెలుసా? గుంట తవ్వుతాం. అందులో నీడ పడుద్ది. ఆ నీడే చూపు. అది తీసేస్తే తెల్లగుడ్డు. నీడ ఉంటే కదా, ఇక్కడ ఎత్తుంది, ఇక్కడ పల్లముంది, ఇక్కడ నొక్కు అని కంటికి తెలిసేది."

"అది విగ్రహం సార్. కదలదు. ఫోను రోజుకో పని చేయాలి. మీరు రాయికి పెట్టినట్టు దానికి పొక్కు పెట్టారు."

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. మొహం ఎర్రబడింది. "అవును, పెట్టాను. మీ దొర పెట్టలేదు గనక నేను పెట్టాను."

రాగసుధ నొచ్చుకోలేదు. ఫోను తీసుకుని సెట్టింగుల్లో ఏవో అరల్లోకి వెళ్లింది. అరలోపల అర, దానిలోపల ఇంకో అర. ఉన్నట్టుండి ఫోను తెలుగులో మాట్లాడింది. వేలు దేని మీద పెడితే దాని పేరు చెబుతోంది. పేరు విని రెండుసార్లు తడితే ఆ పని చేస్తోంది.

"చూపు లేనివాళ్ల కోసం సార్. దీన్ని ఇంత బాగు చేయించింది కూడా ఆయనే."

ఇది మొదటినుంచీ అందులోనే ఉంది. అది తెలిశాక వీరరాఘవయ్యకు కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీదో ఇప్పుడు సరిగ్గా తెలియడం లేదు.

"ఇంత లోపలా? కళ్లు లేనామె కోసం పెట్టింది, కళ్లున్న నాకే కనబళ్లేదే. గుమ్మం ఎక్కడో చెప్పకుండా ఇల్లు కడతారా అమ్మా ఎవరైనా?"

"కట్టరండి" అంది రాగసుధ మెల్లగా. "అయినా ఆయన బస్టు మా గుమ్మంలో ఉండాలి సార్. పొగడ్డానికే కాదు. ఈ ఫోటోలు కూడా మా పిల్లలకి చూపిస్తాను, మీరు ఒప్పుకుంటే" అంది.

"అవి మా ఆవిడవి. ఆమెనడగాలి" అని ఆయన ఫోను తీసుకుని వచ్చేశాడు. చేస్తాననలేదు. చేయనని మళ్లీ అనలేదు.

సాయంత్రం మంగతాయారు మంచం మీద కూర్చుని ఫోనులోని కొత్త గొంతుతో తగువు పెట్టుకుంది.

"ఎవరండీ ఇది, రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడుతోంది? కాస్త ఊపిరి తీసుకోవే తల్లీ."

ఆయన పక్కన కూర్చుని లప్పం పొక్కులు గోటితో గీకుతున్నాడు. బాపట్లలో జరిగిందంతా చెప్పాడు. ఫోటోల మాట చెబితే, "చూపించుకోనీండి. గడ్డం బాగానే పడిందా?" అంది. ఆయన నవ్వలేదు.

"చేస్తాను. ఒప్పుకున్నాక తప్పదు. కానీ కళ్లు పెట్టను. నీడ మోసమన్నాడుగా. గుమ్మంలో గుడ్డివాడై నిలబడనీ. వచ్చేపోయేవాళ్లంతా చూడనీ."

మంగతాయారు వేలు తెర మీద ఆగిపోయింది. ఫోను దాని కిందున్న పేరు చెప్పింది.

"అంటే గుడ్డితనం తిట్టన్నమాట" అంది.

"నిన్నన్నానా?"

"ఎవర్నన్నా మాట అదేగా. మీకు కోపమొస్తే ఆ మనిషికి నా మొహం పెడతారా?"

ఆయన పొక్కులు గీకడం ఆపాడు. ఆమె వేలు జరిపింది. ఫోను ఇందుమతి పేరు చెప్పింది. ఆమె రెండుసార్లు తట్టింది. రేపల్లె నుంచి గట్టిగా నవ్వు వినబడింది.

మర్నాడు పొద్దున్నే వీరరాఘవయ్య షెడ్డుకు వెళ్లాడు. తడిగుడ్డ తీశాడు. అద్దం దొర తెల్లగుడ్లతో ఆయన వైపు తిరిగి ఉన్నాడు. ఆయన చాలాసేపు చూశాడు. కోపం ఏమీ తగ్గలేదు. కొసన తీగ కట్టిన పుల్ల తీసుకుని ఎడమ కంట్లో దించాడు. ఎప్పుడూ తవ్వేదానికన్నా లోతుగా, వేలి కొస దిగేంత లోతుగా తవ్వాడు. నీడ నిండింది. కన్ను చూసింది. కళ్లు మూసుకుని తన వేలు పెట్టి చూశాడు. ఇక్కడ కన్నుందని చేతికి తెలుస్తోంది.

అప్పుడు ఫోను మోగింది. లుంగీకి బొటనవేలు తుడుచుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూసుకోలేదు. మొదటి మోత ఆగకముందే తీశాడు.

"నేనే చేశాను" అంది మంగతాయారు. "పనేం లేదు. ఊరికే."

"ఊ" అన్నాడు.

ఫోను పక్కన పెట్టి, పుల్ల తీసుకుని, రెండో కంటి దగ్గరికి వెళ్లాడు.