పసుపు ఆవిరిలోంచి వచ్చిన అక్క

మొన్న మెట్‌పల్లి నుంచి వస్తుంటే రోడ్డు పక్క చేనులో పసుపు ఉడకబెడుతున్నారు. ట్రాక్టరు వెనక ఒక యంత్రం, ఇద్దరే మనుషులు. ఆ ఆవిరి ముక్కుకు తగలగానే బండి ఆపేశాను. కరోనా మొదటి ఎండాకాలం నాకు ఆ వాసనలోనే ఉంది.

ఆ యేడు విమానాలు ఆగిపోయే ముందర మా బావ దుబాయి నుంచి చేతి మీద ముద్రతో దిగాడు. మీకూ గుర్తుండే ఉంటుంది, అంతకుముందు గల్ఫు మనిషి వస్తే అత్తరు సీసాల కోసం ఇంటి ముందు మూగిన ఊళ్లే, అప్పుడు తుమ్మకంప నరికి దారికి అడ్డం వేశాయి. మా ఊళ్లో వేయించింది ఊరికి పెద్దమనిషి, మా నాన్నకు అన్న అయిన మా పెదబాపే. బావ పద్నాలుగు రోజులు చేనులోని మోటరు గదిలోనే ఉండాలని, అటు ఎవరూ పోవద్దని చెప్పాడు. ఊళ్లోనే ఇచ్చిన మా అక్క అదేమీ విననట్టు, రోజూ మధ్యాహ్నం కంప దాటి పోయి, గట్టు మీద సద్ది పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి జరిగి, బావ తినేదాకా ఎండలో కూర్చునేది. నాలుగో రోజు పెదబాపు కంప దగ్గర కాపు కాశాడు.

"ఇయ్యాల పోతివా, మల్ల ఊళ్లెకు రాకు బిడ్డా."

"రాకుంటె రాను. నీ పసుపు నువ్వే ఉడకవెట్టుకో పెదబాపూ."

పోయింది. తిరిగి వచ్చేసరికి నలుగురు అడ్డం నిలబడ్డారు. ఇంట్లో ఆమె బిడ్డ ఏడుస్తోంది. కంపకు ఇవతల పెదబాపు కడాయిలో పసుపు కుతకుత ఉడుకుతోంది. నా నోరు ఊరుకుంటుందా? మా తాత కాలంలో గత్తర, అదే కలరా రక్కసి, ఊరి మీదికి వస్తే, పసుపు ఆవిరికి కళ్లు మండి, దారి తప్పి వాగులో పడి చచ్చిందని, ఆ ఆవిరిలోంచి నడిచినవాళ్లకు ఏ రోగమూ అంటలేదని చెప్పేశాను. తాత పండించింది జొన్నలు. ఆయన కొడుకైన పెదబాపుకు ఆ సంగతి తెలియదా? తెలుసు. అక్కను రానివ్వడానికి ఆయనకూ ఏదో ఒక వంక కావాలనుకుంటాను. అక్క నన్ను ఉరిమి చూసి, ఆవిరిలోంచి నడిచి ఇంటికి పోయింది.

మర్నాడు ఊరంతా కడాయి చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడింది, ముందు వరుసలో తువ్వాల కప్పుకుని పెదబాపు. వీళ్లలో ఒక్కరికి నిజంగా రోగం ఉన్నా ఊరు నా నోటి వల్లనే పోతుంది.

"జర ఆగుండ్రి, అసలు ముచ్చట మర్చిపోయిన. ఇద్దరి నీడలు తగిలితె ఆవిరి గుణం పోతదట."

"మా బాపు నాకు చెప్పని ముచ్చట్లు నీకు మస్తు చెప్పిండురా," అన్నాడు పెదబాపు, కానీ అందరికంటే ముందు ఆయనే దూరం జరిగాడు.

బావకు ఏమీ కాలేదు. పదిహేనో రోజు పెదబాపే కంప లాగేశాడు. ఇప్పుడు బావ మళ్లీ దుబాయిలో ఉన్నాడు. పసుపు యంత్రంలో పూటలో ఉడికిపోతోంది, కడాయి దగ్గర కూర్చుని నా కోతలు వినే తీరిక ఎవరికీ లేదు. ఆ గత్తర కథ మాత్రం ఇంకా తిరుగుతోంది, పెదబాపు చెప్పేటప్పుడు దానికి నాలుగు తలలు కూడా ఉంటాయి. అక్క మాత్రం ఎవరి కథలోనూ లేదు. నా మాటలు నమ్మకపోయినా సరే, ఈ ఒక్కటి సంతకం పెట్టి మరీ చెబుతాను: నేను నోరు తెరవక ముందే, ఏ ఆవిరీ లేకుండానే, అక్క నాలుగు రోజులు ఆ కంప దాటింది.