అమెరికా నుంచి వచ్చిన టీచరమ్మ

"అక్కా, నన్నూ, నా పాస్‌పోర్ట్‌నీ చూసి వీళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు!"

చైనాలో స్కూల్ ఆఫీసు నుంచి చెల్లెలు స్వప్న ఫోన్‌లో ఆ మాట అనేసరికి పిల్లలకు పెరుగన్నం తినిపిస్తున్నాను. మేమప్పుడు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండేవాళ్లం. అమెరికాలోనే ఎమ్మెస్ చదివిన స్వప్నకు అక్కడ ఉద్యోగం చేసుకునే హెచ్‌వన్ వీసా రాలేదు. చైనాలో ఇంగ్లిష్ టీచర్‌గా మొదటి ఉద్యోగం దొరికితే ఎగిరి గంతేసింది. స్కూల్‌వాళ్లు ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేశారు, వీసా పని ఏజెంట్ చూశాడు. అమెరికా నుంచి మాట్లాడుతోంది కాబట్టి అమెరికన్ పిల్లే అనుకుని ఉంటారని మాకు తట్టనేలేదు.

"అక్కడున్నాయనకి ఫోన్ ఇవ్వు" అన్నాను.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "సారీ మేడమ్, అమెరికన్ టీచర్ వస్తోందని పేరెంట్స్‌కి చెప్పేశాం."

"మా చెల్లి ఇంగ్లిష్ మీరు విన్నారు కదా?"

"ఇంగ్లిష్ చాలా బాగుంది మేడమ్" అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

"అమెరికా వీసా కూడా అయిపోయింది. ఇప్పుడు ఎక్కడికి పోనక్కా?" అని స్వప్న ఏడుస్తుండగానే లైన్ కట్టయింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. పెరుగన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలిద్దరూ ముద్ద కోసం నోరు తెరుచుకుని చూస్తున్నారు.

తెల్లవారేసరికి మెయిల్ వచ్చింది. 'ఏజెంట్ హోటల్లో దింపాడు. ఎల్లుండి హైదరాబాద్ ఫ్లైట్. అమ్మకి నేనే చెప్తా.'

"పిన్నికి ఇంగ్లిష్ రాదా మమ్మీ?" అని పొద్దున్నే అడిగింది నా ఆరేళ్ల కూతురు. ఏదో ఒకటి చెప్పి దాటవేద్దామనుకున్నాను. కానీ ఎప్పుడో ఒకరోజు నా పిల్లలకూ ఇది ఎదురుకాకపోదు.

"వచ్చు నాన్నా, మీ టీచర్‌కి వచ్చినంత వచ్చు. వాళ్లకి అమెరికన్ టీచరంటే తెల్లవాళ్లే ఉండాలట" అన్నాను.